వేడిని బట్టి పొర

ఉద్దేశం: ఒకే పదార్థం వేడిలోని తేడా వల్ల వేరువేరు గుణాలను ఎలా పొందుతుందో గ్రహించడం, శాస్త్ర విషయాన్ని తెలుగులో చదివి, సొంత మాటలలో చెప్పే నేర్పును అలవరచుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

ఆముదపు దీపం వెలిగించి, మంటపైన ఒక పళ్ళెం బోర్లిస్తే కొంతసేపటికి దాని అడుగున నల్లని మసి పడుతుంది. పూర్వం మన ఇళ్ళలో కాటుక ఇలాగే పట్టేవారు. ఆ మసి అంతా దాదాపుగా కర్బనమే. నూనె మంటలో ఆవిరై విడిపోయినప్పుడు, పూర్తిగా కాలని కర్బనం సన్నని రేణువులుగా గుమిగూడి పళ్ళేనికి అంటుకొంటుంది. ఇలా వాయువులో నుంచి వచ్చిన పదార్థం ఒక ఉపరితలం మీద పొరగా నిలవడాన్ని శాస్త్రజ్ఞులు ‘నిక్షేపణం’ అంటారు. శాస్త్రం పేరు పెట్టక ముందు నుంచే మన పెద్దలకు ఈ పని తెలుసు.

అదే కర్బనంతో మరొక పొరను తయారు చేయవచ్చు. అది నల్లగా ఉండదు. అద్దంలాగా వెలుతురును తనగుండా పోనిస్తుంది. వేలితో తాకితే మసిలాగా రాలదు. విద్యుత్తును చక్కగా ప్రవహింపజేస్తుంది. దాని మందం ఒకే ఒక పరమాణువంత. ఆ పొర పేరు గ్రాఫీన్.

కాటుకలో ఉన్నదీ కర్బనమే, గ్రాఫీన్‌లో ఉన్నదీ కర్బనమే. మరి ఇంత తేడా ఎక్కడ నుంచి వచ్చింది? పరమాణువుల అమరిక నుంచి వచ్చింది. ఆ అమరికను నిర్ణయించే వాటిలో ముఖ్యమైనది వేడి. బెల్లం ఒకటే అయినా, పొయ్యి మీద ఉంచిన తీరును బట్టి తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అవుతుంది. ఏ పాకం దగ్గర దించామన్న దాని మీదనే అరిసె మెత్తన, గట్టిదనం ఆధారపడతాయి. పరమాణువుల వంటలో కూడా పాకం తప్పితే పొర చెడుతుంది. అది ఎలాగో ఈ పాఠంలో తెలుసుకొందాం.

గ్రాఫీన్ అంటే ఏమిటి?

మనం రాసుకొనే పెన్సిలు ములుకులో గ్రాఫైటు ఉంటుంది. గ్రాఫైటులో కర్బన పరమాణువులు పొరలు పొరలుగా అమరి ఉంటాయి. ఒక్కొక్క పొరలో పరమాణువులు ఆరు మూలల గదులుగా, తేనెపట్టులాగా అల్లుకొని ఉంటాయి. పొరలో పరమాణువుల మధ్య బంధం చాలా గట్టిది. పొరకూ పొరకూ మధ్య పట్టు మాత్రం తక్కువ. అందుకే పెన్సిలుతో గీసినప్పుడు పొరలు జారి కాగితానికి అంటుకొంటాయి. అలాంటి ఒక్క పొరను విడదీస్తే అదే గ్రాఫీన్. గ్రాఫైటులో ఒక్కొక్క పొర మందం 0.335 నానోమీటరు. ఒక మిల్లీమీటరు మందం గల గ్రాఫైటు ముక్కలో సుమారు 30 లక్షల పొరలు ఉంటాయన్నమాట.

2004లో ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆంద్రె గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ అనే శాస్త్రజ్ఞులు ఈ పొరను విడిగా సంపాదించారు. వారు వాడిన ముఖ్య సాధనం మనం కాగితాలు అంటించే జిగురు టేపు. గ్రాఫైటు మీద టేపు అంటించి, లాగి, మళ్ళీ మళ్ళీ మడిచి విడదీస్తూ పోతే చివరకు ఒంటి పొరలు దొరికాయి. గ్రాఫీన్ గుణాలను పరిశోధించినందుకు వారికి 2010లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ ఒంటి పొర తన మీద పడిన వెలుతురులో సుమారు 2.3 శాతం మాత్రమే పీల్చుకొంటుంది. మిగిలినదంతా అవతలికి పోతుంది. పైగా ఇది విద్యుద్వాహకం. వెలుతురును పోనిస్తూ విద్యుత్తును కూడా ప్రవహింపజేసే పదార్థాలు అరుదు. వేలు తాకితే పనిచేసే ఫోను తెరలకు, కొన్ని రకాల సౌర ఘటాలకు అలాంటి పొరే కావాలి. ప్రస్తుతం ఆ పనికి ఎక్కువగా వాడేది ఇండియం, తగరం కలిసిన ఆక్సైడు. ఇండియం భూమిలో తక్కువగా దొరికే లోహం. పైగా ఆ ఆక్సైడు పొరను వంచితే పగుళ్ళు వస్తాయి. కర్బనానికి కొరత లేదు. గ్రాఫీన్ వంచితే వంగుతుంది. అందుచేత శాస్త్రజ్ఞులు దీని మీద ఆశలు పెట్టుకొన్నారు.

కాని టేపుతో ఊడదీసిన ముక్కలు కంటికి ఆనడమే కష్టం. వాటితో ఫోను తెర తయారు కాదు. విశాలమైన పొరను పెంచాలి. అక్కడే వేడి ప్రసక్తి వస్తుంది.

రాగి రేకు మీద పొర పెరిగే విధం

2009లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన రాడ్నీ రూఫ్ బృందం రాగి రేకు మీద గ్రాఫీన్‌ను పెంచే పద్ధతిని వెల్లడించింది. ఆ తరువాత ప్రపంచమంతటా ప్రయోగశాలలు ఈ దారిని పట్టాయి.

ముందుగా 25 మైక్రోమీటర్ల మందం గల, అంటే మన తలవెంట్రుక కంటె పలుచనైన రాగి రేకును ఒక క్వార్ట్‌జ్ గొట్టంలో ఉంచుతారు. గొట్టంలోని గాలిని పంపుతో తోడివేస్తారు. తరువాత కొద్దిగా హైడ్రోజన్ వాయువును పంపుతూ గొట్టాన్ని విద్యుత్ కొలిమిలో సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తారు. రాగి మీద చిలుములాగా పట్టి ఉన్న ఆక్సైడును హైడ్రోజన్ తొలగిస్తుంది. ఆ వేడిలో రాగి స్ఫటికాలు కూడా పెద్దవై, రేకు ఉపరితలం నునుపు తేలుతుంది. అప్పుడు మీథేన్ వాయువును పంపుతారు. గోబర్ గ్యాసులో మండేది ఈ మీథేనే. దీని అణువులో ఒక కర్బన పరమాణువు, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి.

మీథేన్ అణువు వేడి రాగిని తాకి, అక్కడ హైడ్రోజన్‌ను వదులుకొంటుంది. మిగిలిన కర్బనం రాగి ఉపరితలం మీద అటూ ఇటూ సంచరిస్తుంది. కొన్నిచోట్ల పరమాణువులు కలుసుకొని చిన్న గుంపుగా ఏర్పడతాయి. ఈ గుంపును ‘కేంద్రకం’ అనవచ్చు. తిరుగుతున్న ఇతర పరమాణువులు దాని అంచుకు వచ్చి చేరుతాయి. నీటి మీద తామరాకు విస్తరించినట్లు ఒక్కొక్క కేంద్రకం చుట్టూ పొర పెరుగుతుంది. చివరకు ఈ పొరలన్నీ అంచులు కలుపుకొని రాగిని కప్పివేస్తాయి.

ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. మీథేన్‌ను విడగొట్టడానికి రాగి సహాయం కావాలి. రాగి అంతా కప్పుకుపోయిన తరువాత ఆ సహాయం అందదు. కనుక పెరుగుదల దానంతట అదే ఆగిపోతుంది. అందువల్లనే ఆస్టిన్ బృందం పెంచిన రేకులో 95 శాతానికి పైగా స్థలంలో ఒంటి పొరే ఏర్పడింది.

వేడి తక్కువైతే

మీథేన్ అంత తేలికగా విడిపోయే అణువు కాదు. కర్బనానికీ హైడ్రోజన్‌కూ మధ్య ఉన్న బంధం బలమైనది. దానిని తెంపడానికి కొంత శక్తి కావాలి. ఆ శక్తిని ఇచ్చేది వేడి. రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రతతో ఏ విధంగా పెరుగుతుందో స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ 1889లో ఒక సూత్రం ద్వారా వివరించాడు. ఆ సూత్రం ప్రకారం ఉష్ణోగ్రత కొంచెం తగ్గినా, అవసరమైన శక్తి గల అణువుల సంఖ్య బాగా తగ్గిపోతుంది. కనుక కొలిమి చాలినంత వేడిగా లేకపోతే రాగి మీద చేరే కర్బనం తక్కువవుతుంది. కొన్ని చోట్ల రాగి బయటపడే ఉంటుంది.

రెండవ చిక్కు ఇంతకంటె ముఖ్యమైనది. పరమాణువు తన చోటు వెతుక్కోవాలంటే కదలాలి. వేడి తగ్గితే కదలిక తగ్గుతుంది. కదలలేని పరమాణువు తాను పడిన చోటనే, దగ్గరలో ఉన్న వాటితో జట్టు కట్టి ఆగిపోతుంది. ఫలితంగా కేంద్రకాలు లెక్కకు మించి పుడతాయి. ఏదీ పెద్దది కాదు. వేడి ఎక్కువగా ఉన్నప్పుడు చిన్న చిన్న గుంపులు నిలవలేక చెదిరిపోతాయి. కొన్ని మాత్రమే నిలదొక్కుకొని, చెదిరిన వాటిలోని పరమాణువులను కూడా తమలో చేర్చుకొని విశాలంగా పెరుగుతాయి.

కేంద్రకాలు ఎక్కువైతే నష్టమేమిటి అని మీరు అడగవచ్చు. సంక్రాంతినాడు పెద్ద వాకిట్లో ఒకరే చుక్కలు పెట్టి ముగ్గు వేస్తే వరుసలు కుదురుతాయి. అదే వాకిట్లో పదిమంది పది మూలల నుంచి ఎవరి చుక్కలు వారు పెట్టుకొంటూ వచ్చారనుకోండి. మధ్యలో కలిసినచోట ఒకరి చుక్కలు మరొకరి చుక్కలతో సరిపడవు. అక్కడ గీతలను ఎలాగో వంకరగా కలపవలసి వస్తుంది. గ్రాఫీన్‌లో కూడా అంతే. వేరువేరు దిక్కులకు తిరిగి పెరిగిన రెండు పొరలు కలిసినచోట ఆరు మూలల గదులు కుదరక, అయిదు మూలలవి, ఏడు మూలలవి ఏర్పడతాయి. ఆ అతుకుల దగ్గర ఎలక్ట్రాన్లు తడబడతాయి. పొర నిరోధం పెరుగుతుంది.

విద్యుత్ ప్రేరణకు ఎలక్ట్రాన్లు ఎంత చురుకుగా కదులుతాయో చెప్పే కొలతను ‘చలనశీలత’ అంటారు. ఆస్టిన్ బృందం 2009లో పెంచిన పొరలో ఇది వోల్టు-సెకనుకు 4,050 చదరపు సెంటీమీటర్ల వరకు ఉంది. మరుసటి సంవత్సరం ఆ బృందమే ఉష్ణోగ్రతను 1035 డిగ్రీలకు పెంచి, మొదటి దశలో మీథేన్ ప్రవాహాన్ని, పీడనాన్ని తగ్గించింది. కేంద్రకాల సంఖ్య తగ్గి, ఒక్కొక్కటి పెద్దదిగా పెరిగింది. ఆ పొరలో చలనశీలత 16,000 వరకు చేరింది. రాగి మారలేదు, మీథేన్ మారలేదు. మారినవి వేడి, వాయువు పాళ్ళు మాత్రమే.

వేడి ఎక్కువైతే

అయితే వేడి పెంచుతూ పోతే పొర ఇంకా మేలుగా వస్తుందా? రాదు. రాగి ద్రవీభవన స్థానం సుమారు 1085 డిగ్రీలు. మనం పనిచేసేది 1000 డిగ్రీల పైన. అంటే రాగి కరిగిపోయే స్థితికి కొద్ది మెట్ల దూరంలోనే నిలబడి ఉన్నాం. అంత వేడిలో, గాలి తోడివేసిన గొట్టంలో, రాగి కరగకుండానే ఆవిరవుతుంది. ఆ ఆవిరి గొట్టం చల్లని భాగాలలో పేరుకొంటుంది. రేకు ఉపరితలం గుంటలు పడుతుంది. నేల గతుకులైతే దాని మీద పరచిన చాప సాపుగా ఉండదు గదా! పెరిగే పొర కూడా అలాగే దెబ్బతింటుంది.

ఈ చిక్కును మరొక చోట శాస్త్రజ్ఞులు తెలివిగా దాటారు. రాగి అవసరం లేకుండా సిలికాన్ కార్బైడు స్ఫటికం మీద కూడా గ్రాఫీన్‌ను పెంచవచ్చు. దానిని బాగా వేడిచేస్తే పైనున్న సిలికాన్ ఎగిరిపోయి, కర్బనం మిగిలి, పొరగా సర్దుకొంటుంది. గాలి లేని గొట్టంలో చేసినప్పుడు సిలికాన్ త్వరత్వరగా వెళ్ళిపోయి, మిగిలిన కర్బనానికి సర్దుకొనే వ్యవధి ఉండేది కాదు. పొర గజిబిజిగా వచ్చేది. 2009లో జర్మనీ శాస్త్రజ్ఞులు గొట్టంలో ఆర్గాన్ వాయువు నింపి ఈ పని చేశారు. ఆర్గాన్ అణువులు అడ్డుపడటం వల్ల సిలికాన్ నెమ్మదిగా వెళ్ళింది. అందువల్ల ఉష్ణోగ్రతను సుమారు 1650 డిగ్రీల వరకు పెంచడం సాధ్యమైంది. ఆ వేడిలో కర్బనం తీరికగా సర్దుకొని విశాలమైన పొరలుగా ఏర్పడింది. ఎక్కువ వేడి మేలు చేసింది; కాని ఆ వేడి చేసే కీడుకు ముందుగా అడ్డుకట్ట వేసినందువల్లనే మేలు చేసింది.

చల్లార్చడం కూడా పనిలో భాగమే

పొర పెరగగానే పని అయిపోయిందనుకోరాదు. కొలిమి నుంచి మామూలు ఉష్ణోగ్రతకు దిగి రావడంలో కూడా పొర గుణం మారుతుంది.

రాగికి బదులు నికెల్ వాడితే ఈ విషయం స్పష్టంగా కనిపిస్తుంది. వేడి నికెల్ కర్బనాన్ని తనలో కరిగించుకొంటుంది. వేడి పాలలో ఎక్కువ పంచదార కరిగినట్లే ఇది కూడా. చల్లారేటప్పుడు అంత కర్బనాన్ని నికెల్ తనలో ఉంచుకోలేదు. ఎక్కువైనది ఉపరితలానికి వచ్చి పొరలు కడుతుంది. చల్లార్చే వేగాన్ని బట్టి ఆ పొరల సంఖ్య, నాణ్యం మారుతాయి. ఒకచోట ఒంటి పొర, పక్కనే నాలుగైదు పొరలు రావచ్చు. రాగి కర్బనాన్ని కరిగించుకోవడం అతి స్వల్పం. కనుకనే ఒంటి పొర కావలసినప్పుడు రాగిని ఎంచుకొంటారు.

రాగితో వచ్చే ఇబ్బంది వేరు. వేడికి వ్యాకోచించిన రాగి చల్లారుతూ ముడుచుకొంటుంది. గ్రాఫీన్ దానితోపాటు ముడుచుకోదు. పైగా చల్లారేకొద్దీ కొద్దిగా సాగుతుంది. కింది నేల కుదించుకుపోతే పైనున్న దుప్పటి ముడతలు పడక తప్పదు. గ్రాఫీన్ పొర మీద సన్నని ముడతలు ఇలాగే వస్తాయి.

పొర మంచిచెడ్డలు తెలుసుకొనే విధం

ఒక పరమాణువంత మందం గల పొరలో అతుకులు ఉన్నాయో లేవో ఎలా తెలుస్తుంది? ఇందుకు తోడ్పడేది మన దేశంలో బయటపడిన ఒక సత్యం. సర్ సి.వి.రామన్ తిరుచిరాపల్లిలో పుట్టి, విశాఖపట్నంలో బడి చదువు చదివి, 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో ‘రామన్ ఫలితం’ కనుగొన్నారు. ఒకే రంగు కాంతి పదార్థం మీద పడి చెదిరినప్పుడు, దానిలో కొద్ది భాగం రంగు మారుతుంది. ఆ మార్పు పదార్థంలోని పరమాణువుల కంపనాన్ని బట్టి ఉంటుంది. ఈ పరిశోధనకు ఆయనకు 1930లో నోబెల్ బహుమతి వచ్చింది.

గ్రాఫీన్ పొర మీద లేజరు కాంతిని పంపి, చెదిరిన కాంతిని పరీక్షిస్తే కొన్ని శిఖరాలు గల గీత వస్తుంది. ఆరు మూలల అల్లిక ఉన్నదని చెప్పే శిఖరం ఒకటి. పొర ఒంటిదా, ఎక్కువా అని సూచించే శిఖరం మరొకటి. అల్లికలో లోపం ఉన్నప్పుడే తల ఎత్తే శిఖరం ఇంకొకటి. కాటుక మసిని పరీక్షిస్తే ఈ లోపాల శిఖరం పెద్దదిగా, వెడల్పుగా కనిపిస్తుంది. చాలినంత వేడిలో చక్కగా పెరిగిన గ్రాఫీన్‌లో అది దాదాపుగా కనిపించదు. కొలిమి వేడి సరిగా కుదిరిందో లేదో పొరే తన మాటగా ఇలా చెబుతుంది.

వెయ్యి డిగ్రీల చిక్కు

వేడి ఉంటే మంచి పొర వస్తుందని తెలిసింది. మరి గ్రాఫీన్ ఇంకా మన ఇంటింటి వస్తువు ఎందుకు కాలేదు? ఆ వేడే అందుకు ఒక కారణం. సీసాలకు వాడే రకం ప్లాస్టిక్ సుమారు 250 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కిటికీ అద్దం 700 డిగ్రీలు రాకముందే తన రూపం కోల్పోవడం మొదలుపెడుతుంది. కనుక ఫోను తెర మీద నేరుగా గ్రాఫీన్‌ను పెంచలేం. రాగి మీద పెంచి, దాని పైన ఒక ప్లాస్టిక్ పూత పూసి, కింద రాగిని రసాయన ద్రవంలో కరిగించి, తేలిన పొరను కావలసిన చోటికి మార్చవలసి వస్తుంది. ఈ మార్పిడిలో పొర చిరగవచ్చు; పూత మరకలు మిగలవచ్చు. కష్టపడి పెంచిన గుణం కొంత ఇక్కడ పోతుంది. అయినా 2010లో దక్షిణ కొరియా శాస్త్రజ్ఞులు రోలర్ల సహాయంతో 30 అంగుళాల పొరను ప్లాస్టిక్ మీదికి మార్చి, దానితో తాకుడు తెరను కూడా తయారు చేసి చూపారు.

వేడినే తగ్గించాలని మరికొందరు ప్రయత్నించారు. 2011లో చైనా శాస్త్రజ్ఞులు మీథేన్‌కు బదులు బెంజీన్ వాడారు. బెంజీన్ అణువులో ఆరు కర్బనాల వలయం ముందే ఉంటుంది. కట్టవలసిన ఇంటికి గదులు సిద్ధంగా దొరికినట్లే. అందువల్ల 300 డిగ్రీల దగ్గరే గ్రాఫీన్ ఏర్పడింది. అయితే అవి విడివిడి తునకలు మాత్రమే. 2015లో అమెరికాలోని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రజ్ఞులు వాయువును ప్లాస్మాగా మార్చి, 420 డిగ్రీలకు మించకుండా మేలైన పొరను పెంచారు. వేడి ఇవ్వవలసిన శక్తిలో కొంత ప్లాస్మా ఇచ్చింది.

ఈ ప్రయత్నాలన్నిటిలో మనం గ్రహించవలసిన నీతి ఒకటి ఉంది. పరమాణువులకు బంధం తెంచుకొనే శక్తి, కదిలే స్వేచ్ఛ, సర్దుకొనే వ్యవధి – ఈ మూడూ కావాలి. వాటిని వేడి ఇస్తుంది. వేడిని తగ్గించదలచినవారు ఆ మూడింటినీ మరొక దారిలో సమకూర్చాలి. ఊరికే మంట తగ్గిస్తే మిగిలేది మసి. ఊరికే మంట పెంచితే మిగిలేది గుంటలు పడిన రాగి. ఎంత వేడి, ఎంతసేపు, ఏ వాయువుతో, ఎలా చల్లార్చాలి అన్నవి కొలిచి తెలుసుకొన్నవారికే ఒకే కర్బనం నుంచి కోరిన గుణం గల పొర లభిస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

నిక్షేపణం: వాయువు నుంచి వచ్చిన పదార్థం ఒక చోట పొరగా నిలవడం
చిలుము: రాగి, ఇత్తడి మీద పట్టే మురికి పొర
ద్రవీభవన స్థానం: ఘనపదార్థం కరిగే ఉష్ణోగ్రత
వ్యాకోచించు: వేడికి పెరుగు, విస్తరించు
నిరోధం: విద్యుత్ ప్రవాహానికి కలిగే అడ్డు
వ్యవధి: సమయం, తీరిక

ప్రశ్నలు

1. కాటుక మసికీ, గ్రాఫీన్‌కూ గల పోలికలు, భేదాలు రాయండి.
2. రాగి రేకు మీద గ్రాఫీన్ పెరుగుదల దానంతట అదే ఎందుకు ఆగిపోతుంది?
3. వేడి తక్కువైనప్పుడు కేంద్రకాల సంఖ్య ఎందుకు పెరుగుతుంది? దానివల్ల కలిగే నష్టమేమిటి?
4. ఆర్గాన్ వాయువు సిలికాన్ కార్బైడు ప్రయోగంలో ఏ మేలు చేసింది?
5. ‘ఎక్కువ వేడి ఎప్పుడూ మేలు చేయదు’ – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
6. మీ ఇంట్లో వేడిని బట్టి గుణం మారే వంటకం ఒకదానిని గురించి పెద్దలను అడిగి, పది వాక్యాలలో రాయండి.